డేనియల్ జోన్సు - పదునెనిమిదవ అచ్చు

నాలుక నడిమి భాగమును అంగిలి వైపునకు ఎత్తి, పెదవులను గుండ్రముగా ముడిచి పలికినచో ఒక అచ్చు పుట్టును. అది మన ఊకారము కాదు. ఊకారమునకు నాలుక వెనుక భాగము లేచును. ఫ్రెంచి, జర్మను భాషలలో వినవచ్చు, ఈకారపు నాలుకతో ఊకారపు పెదవులు కలిసిన అచ్చును కాదు. దానికి నాలుక ముందు భాగము లేచును. ఈ రెంటికి నడుమ నిలుచు ధ్వనిని వర్తుల కేంద్రాచ్చు అనవచ్చును. నార్వే భాషలో నివసించుట యను అర్థము గల మాట ఒకటి, గుడిసె యను అర్థము గల మాట ఒకటి, పట్టణ మను అర్థము గల మాట ఒకటి కలవు. మూడింటను మొదట బకారమే. దానిపై గుండ్రని పెదవులతో పలుకు దీర్ఘమే. తెలుగు లిపిలో వ్రాయబూనినచో మూడును ఒకే రూపము దాల్చును. నార్వే దేశీయులకు మాత్రము అవి ఎన్నడును కలిసిపోని మూడు వేర్వేరు పదములు. వానిలో నడిమిదియగు గుడిసె మాటలోని అచ్చే ఈ వర్తుల కేంద్రాచ్చు.

ఈ ధ్వనికి ఏ భాషతోను నిమిత్తము లేని స్థానమును, పదునెనిమిది యను సంఖ్యను ఇచ్చి, దానిని తన కంఠముతో పలికి శిష్యులకు అప్పగించినవాడు లండను ఆచార్యుడు డేనియల్ జోన్సు. ఆయన జీవితమును ఈ ఒక్క అచ్చు వైపునుండి పరిశీలించుట యిచట ఉద్దేశము. భారతీయ భాషలను శోధించువారికి ఆ జీవితమున గ్రహింపదగిన గుణమును, గమనింపదగిన లోపమును రెండును కలవు.

జోన్సు 1881వ సంవత్సరము సెప్టెంబరు 12వ తేదీన లండనులో జన్మించెను. తండ్రి న్యాయవాది, వింబుల్డను టెన్నిసు సంఘ స్థాపకులలో ఒకడు. తల్లి వయోలా, గిల్బర్టు సలివానుల సంగీత నాటకములను ప్రదర్శింపజేసి ప్రఖ్యాతి గాంచిన రిచర్డు డాయిలీ కార్టునకు సోదరి. అట్లు వాదమును, నాదమును రెండును ఆయనకు ఇంటి సొత్తులే. ఆయన కేంబ్రిడ్జిలోని కింగ్సు కళాశాలలో గణితశాస్త్రము అభ్యసించి 1903లో పట్టము పొందెను. పిదప న్యాయశాస్త్రము చదివి 1907లో న్యాయవాదిగా అర్హత సంపాదించెను గాని, న్యాయస్థానమున ఒక్కనాడును వాదింపలేదు.

ఆయన మనస్సు అంతకుముందే వేరొక విద్యకు లోబడియుండెను. 1900లో జర్మను భాష నేర్చుకొనుటకై మార్బర్గు నగరమునకు పోయి, అచట విలియం టిల్లీ నడపుచుండిన భాషాశాలలో చేరెను. ఉచ్చారణను ధ్వనిశాస్త్ర పద్ధతిని నేర్పుట టిల్లీ నియమము. పుస్తకమున చదివిన భాష వేరు, నోట పలికెడి భాష వేరు అను ఎరుక జోన్సునకు అచటనే కలిగెను. 1905-06లో ఆయన పారిసులో పాల్ పాస్సీ యొద్ద శుశ్రూష చేసెను. 1886లో ఆరంభమై, తరువాత అంతర్జాతీయ ధ్వనిశాస్త్ర పరిషత్తుగా ప్రసిద్ధి కెక్కిన సంఘమునకు పాస్సీయే మూలపురుషుడు. 1907లో జోన్సు లండను యూనివర్సిటీ కళాశాలలో ఉపన్యాసకుడుగా ప్రవేశించెను. 1911లో పాస్సీ మేనకోడలగు సిరిల్ మోట్‌ను వివాహమాడెను. 1912లో ధ్వనిశాస్త్ర శాఖకు అధిపతి యయ్యెను. 1921లో ఆచార్యపదవి లభించెను. బ్రిటను విశ్వవిద్యాలయములలో ధ్వనిశాస్త్రమునకు ఏర్పడిన మొదటి ఆచార్యపీఠము అదియే. 1949లో విరమించువరకు ఆయన ఆ శాఖను విడువలేదు.

జోన్సు రంగమున ప్రవేశించునాటికి అచ్చుల వర్గీకరణము ఏ స్థితిలో నుండెనో చూడవలెను. మన శిక్షాకారులు, ప్రాతిశాఖ్యకారులు అచ్చులను పుట్టుచోటును బట్టి విభజించిరి. ఇకారము తాలవ్యము, ఉకారము ఓష్ఠ్యము, ఏకారము కంఠతాలవ్యము, ఓకారము కంఠోష్ఠ్యము. సంస్కృతమునకు ఈ విభాగము చక్కగా సరిపోవును. ఏలయన ఆ భాషలో పెదవులు గుండ్రమైనప్పుడెల్ల నాలుక వెనుకకే పోవును. ఉకారమును ఓష్ఠ్య మన్నచో నాలుకను గూర్చి వేరుగ చెప్పవలసిన పని లేదు. కాని పెదవుల పని, నాలుక పని ఒకదానితో నొకటి ముడివడని భాష యెదురైనప్పుడు ఈ పట్టికలో గది దొరకదు. నార్వే భాషలోని మూడు మాటలయందలి అచ్చులును ఓష్ఠ్యములే. అయినను మూడును వేరు. ఇది ప్రాచీనుల దోషము కాదు. వారు తమ యెదుటనున్న భాషను అనన్యసామాన్యముగా వర్ణించిరి. తమ భాషలో లేనిదానికి గదిని కట్టవలసిన అవసరము వారికి కలుగలేదు.

ఐరోపాలో 1867లో అలెగ్జాండర్ మెల్విల్ బెల్ ప్రకటించిన దృశ్యవాక్కు అను గ్రంథము ఈ ముడిని విప్పినది. నాలుకలో లేచు భాగము, అది లేచు ఎత్తు, పెదవుల తీరు అను వానిని వేర్వేరు కొలతలుగా గ్రహించి అతడొక పట్టిక నిర్మించెను. ముందు, వెనుక అను గదుల నడుమ మిశ్రమ మను మూడవ గది యేర్పడెను. దానియందు పెదవులు గుండ్రమగుటకును తావు కలిగెను. 1877లో హెన్రీ స్వీటు తన ధ్వనిశాస్త్ర గ్రంథమున ఆ పద్ధతిని సంస్కరించెను. కాగితముపై వర్తుల కేంద్రాచ్చునకు ఇట్లు జోన్సునకు ముందే ఇల్లు కట్టబడినది. అయితే ఆ పట్టికను చదివినవాడు అందలి ధ్వనిని తన భాషలోని అచ్చులను ఆధారము చేసికొనియే ఊహించుకొనవలెను. ఆంగ్లేయుడొక విధముగా, ఫ్రెంచివాడొక విధముగా, తెలుగువాడు మరియొక విధముగా ఊహించును. కొలబద్ద ఒక్కటియే, అంగుళములు మాత్రము ఎవరివి వారివి.

గణితము చదివిన జోన్సునకు ఈ లోపము స్పష్టముగా గోచరించెను. ఏ భాషకును చెందని కొన్ని అచ్చులను స్థిరబిందువులుగా నిలిపి, ఏ భాషలోని అచ్చునైనను వానినుండి ఎంత దూరమున నున్నదో చెప్పవలెనని ఆయన తలచెను. వీనినే ప్రమాణాచ్చులు అందురు. వీని ప్రస్తావన 1917లో వెలువడిన ఆయన ఆంగ్ల ఉచ్చారణ నిఘంటువున కనబడును. ఒరపిడి పుట్టకుండ నాలుకను ఎంత ముందునకు, ఎంత పైకి తేగలమో అంతవరకు తెచ్చి పలికినది మొదటి ప్రమాణాచ్చు. ఎంత వెనుకకు, ఎంత క్రిందికి తీయగలమో అంతవరకు తీసి పలికినది అయిదవది. వీని నడుమ వినికిడిలో సమదూరమున నుండునట్లు మూడింటిని, అయిదవదానికి పైన మూడింటిని అమర్చగా మొత్తము ఎనిమిది యయ్యెను. ఈ యెనిమిదింటికిని పెదవుల తీరును తారుమారు చేసినచో మరి యెనిమిది. నాలుక నడుమ భాగము మిక్కిలి పైకి లేచినప్పుడు పెదవులు సాగియున్నది పదునేడవది, గుండ్రమైనది పదునెనిమిదవది. రోమను ఉకారమునకు అడ్డగీత గీసి దానికి గుర్తుగా వ్రాయుదురు.

1917లోనే జోన్సు సన్నని సీసపు గొలుసును నాలుకపై పరచుకొని ఎక్స్‌కిరణములతో ఛాయాచిత్రములు తీయించెను. గ్రామఫోను పలకపై ఎనిమిది అచ్చులను పలికి వినిపించెను. 1943లోను, 1956లోను మరల ముద్రణములు చేయించెను. ఇట్లు యంత్రములను వాడినను, ప్రమాణాచ్చులను వ్రాతమూలమున నేర్వజాలరని ఆయన దృఢముగ నమ్మెను. ఎరిగిన గురువు పలుకగా విని, మరల పలికి, గురువు దిద్దగా నేర్వవలసినదే. గురుముఖమున స్వరము నేర్చు వేదాధ్యాయన సంప్రదాయ మెరిగిన దేశమున ఈ మాట వింతగా తోపదు.

ఇక పదునెనిమిదవ అచ్చు, దాని సమీప బంధువులు ఏయే భాషలలో కలవో తెలిసికొందము. నార్వే భాషలో ఇల్లు అను అర్థము గల పదమున ఇది దీర్ఘముగా వినవచ్చును. స్వీడను భాషలో నిండినది యను అర్థము గల పదమున, నాలుక ఒక మెట్టు దిగి, హ్రస్వమైన వర్తుల కేంద్రాచ్చు పలుకును. దక్షిణ చీనాలోని కాంటను భాషలో వసంతమును తెలుపు మాటలోని అచ్చును ఆ మెట్టునందలిదే. తాజికు భాషయందలి సాక్ష్యము మనకు మరింత ఆసక్తికరము. పర్వతార్థకమగు పారసీక పదము ప్రాచీన కాలమున ఓకారముతో నుండెను. భారతదేశమునకు వచ్చిన పారసీకము ఆ ఓకారమును నిలుపుకొన్నది. కోహినూరు అను పేరులో మనము నేటికిని పలుకునది అదియే. ఇరానులో అది ఊకారముతో కలిసిపోయినది. తాజికు భాషలో అటు ఓకారముగను నిలువక, ఇటు ఊకారముతోను కలియక, ముందునకు జరిగి వర్తుల కేంద్రాచ్చుగా మారినది. ఒకే అచ్చు మూడు దేశములలో మూడు దారులు పట్టినది.

జోన్సు స్వభాషయగు ఆంగ్లమున సైతము ఈ ధ్వని ప్రవేశించుచున్న జాడను ఆయనయే గుర్తించెను. 1918లో ప్రకటించిన ఆంగ్ల ధ్వనిశాస్త్ర గ్రంథమున, యకారమునకు తరువాత ఊకారము ముందునకు జరుగునని వ్రాసెను. నాడు అది పరిసరమును బట్టి కలుగు వికారము మాత్రమే. ఇరువదవ శతాబ్ది ద్వితీయార్ధము నుండి దక్షిణ ఇంగ్లండు యువతరమున ఆ జరుగుట యకారము లేని చోట్లకును వ్యాపించినది. చంద్రుని, ఆహారమును తెలుపు ఆంగ్లపదములలో జోన్సు పలికిన అచ్చునకును, వారు పలుకు అచ్చునకును గల అంతరమును కొలుచుటకు ఆయన ఏర్పరచిన బిందువులే పనికివచ్చుట గమనింపదగినది.

ఆంగ్లమున వికారమైనది నార్వే భాషలో అర్థభేదకమగుట యెట్లు? ఈ ప్రశ్నకు సమాధానమే వర్ణ భావన. కజాను, పీటర్సుబర్గులయందు బోదువె ద కూర్తెనే, ఆయన శిష్యులు పెంచిన ఈ భావనను జోన్సు గ్రహించి బ్రిటనులో ప్రచారము చేసెను. దక్షిణాఫ్రికాకు చెందిన పత్రికాసంపాదకుడు, రాజకీయ నాయకుడు సోల్ ప్లాట్యే లండనులో నున్నప్పుడు జోన్సు ఆయనతో కూర్చుండి త్స్వానా భాషను పరిశోధించెను. వారిరువురి త్స్వానా వాచకము 1916లో వెలువడెను. ఆ భాషపై 1917లో చేసిన ప్రసంగమున ఆయన వర్ణ భావనను వినియోగించెను. అంతకుముందు 1912లో క్వింగ్ టాంగ్ వూతో కలిసి కాంటను వాచకమును, అనంతరము 1919లో హెచ్. ఎస్. పెరేరాతో కలిసి సింహళ వాచకమును ప్రకటించెను. ఈ గ్రంథములన్నిటిపైని ఆ భాష మాటలాడిన వ్యక్తి పేరు సహరచయితగా ముద్రితమైనది. వక్తను వట్టి సాధనముగా చూచిన ఆ కాలమున ఇది స్వల్ప విషయము కాదు. వర్ణమును గూర్చిన ఆయన ప్రత్యేక గ్రంథము 1950లో వెలువడెను.

లండనులోని ఆయన శాఖ భారతదేశమునకు పలు మార్గముల సన్నిహితమైనది. సునీతికుమార చటర్జీ 1919-21 సంవత్సరములలో లండనులో చదువుచు జోన్సు యొద్ద ధ్వనిశాస్త్రము నేర్చెను. వంగభాష పుట్టుపూర్వోత్తరములపై 1926లో వెలువడిన ఆయన మహాగ్రంథమున ఆ శిక్షణ ఫలము కనబడును. లాహోరులో ఆంగ్లాచార్యుడుగా పనిచేసిన జె. ఆర్. ఫర్తు 1928లో జోన్సు శాఖలో చేరెను. వర్ణ భావనతో విభేదించి తన స్వతంత్ర మార్గమును తీర్చుకొన్నను, ఫర్తు భారతీయ ధ్వనిశాస్త్రజ్ఞుల ఘనతను ఐరోపీయులకు నొక్కి చెప్పినవారిలో ముఖ్యుడు.

జోన్సు మన లిపుల విషయమునను కలుగజేసికొనెను. 1942లో భారతదేశమునకు జాతీయ లిపి యను సమస్యపై ఆయన ఒక చిన్న గ్రంథము ప్రకటించి, రోమను అక్షరములపై నిర్మించిన లిపి అన్ని భారతీయ భాషలకును అనుకూలించునని వాదించెను. ఈ దేశము ఆ సూచనను గ్రహింపలేదు. గ్రహింపకపోవుట నష్టమని నేను తలంపను. జోన్సు ప్రమాణాచ్చులను కల్పించినది అక్షరము నుండి ధ్వనిని విడదీయుటకు. ఏ లిపియైనను, అది రోమనైనను తెలుగైనను, ఒక భాష యొక్క వర్ణములకు ఏర్పడిన ఒప్పందమే గాని ధ్వనులకు కొలబద్ద కాదు. వచ్చాడు అను మాటలో చకారముపై మనము పలుకునది శుద్ధమైన ఆకారము కాదు. నాలుక ముందునకు వచ్చును. దానికి లిపిలో గుర్తు లేదు. తెలుగువానికి లోటును లేదు. భాష నెరిగినవానికి లిపి చాలును. ఎరుగనివానికి ఏ లిపియు చాలదు. వానికి కావలసినది చెవి. ఈ భేదమును తన విద్యలో సూక్ష్మముగా పాటించిన జోన్సు, జాతీయ లిపిని గూర్చి వ్రాసినప్పుడు దానికి తగిన ప్రాధాన్య మీయలేదు. లిపితో పెనవేసికొన్న వాఙ్మయము, చరిత్ర, అభిమానము ఆయన తూకమున తేలికగా తూగినవి.

ఆ చెవి భారతదేశమున నెట్లు ఉపకరించినదో చెప్పుటకు ఒక గురుపరంపరను పేర్కొనవలెను. జోన్సు యొద్ద అభ్యసించిన డేవిడ్ ఎబర్‌క్రాంబీ ఎడింబరోలో ధ్వనిశాస్త్ర శాఖను నెలకొల్పెను. అచట ఆయనకు పీటర్ లడిఫోగెడ్ శిష్యుడయ్యెను. లడిఫోగెడ్ గురుసంప్రదాయమును గౌరవించుచునే పరీక్షకు పెట్టెను. స్కాటిషు గేలికు భాషలోని కొన్ని పదములను పలువురు ధ్వనిశాస్త్రజ్ఞులకు వినిపించి, వాని అచ్చులను ప్రమాణాచ్చుల పటముపై గుర్తింపుడని కోరెను. ఫలితములను 1960లో ప్రకటించెను. ఆ సంప్రదాయమున శిక్షణ పొందినవారు చాలవరకు ఏకీభవించిరి. అయితే పెదవులు, నాలుక అలవాటైన జోడుగా లేని అచ్చుల విషయమున వారికిని భేదము కలిగినది. దీనికి కారణము ధ్వని స్వభావముననే కలదు. నాలుక వెనుకకు పోయినను, పెదవులు గుండ్రమైనను ధ్వనిలోని రెండవ అనునాదము తగ్గును. ఒక్క ఫలమునకు రెండు కారణములున్నప్పుడు, కన్నులు మూసికొని వినువాడు ఏది ఎంతయో నిర్ణయింపలేక తడబడును. కేంద్రాచ్చు గుండ్రమైనదో, వెనుకటి అచ్చు గుండ్రము గానిదో తేల్చుటకు వక్త పెదవులను చూడవలెను. నేటి కాలమున యంత్రముచే కొలువవలెను. జోన్సు విద్యకు ఎల్ల ఇచటనున్నది. ఆ ఎల్లను కనుగొన్నది ఆయన ప్రశిష్యుడే.

భారతదేశమున కేంద్రాచ్చులు అరుదు కావు. తమిళమున కుఱ్ఱియలుకరము, మలయాళమున సంవృతోకారము, కాశ్మీరీలోని హ్రస్వ దీర్ఘములు ప్రసిద్ధములు. నేటి వాడుకలో ఇవన్నియు పెదవులు గుండ్రము గానివే. గుండ్రమైన కేంద్రాచ్చునకు సాక్ష్యము నీలగిరులపై దొరకినది. రెండు వేలకు మించని జనసంఖ్య గల తోడాలు పలుకు ద్రావిడ భాషలో, ఇకారపు నాలుకతో గుండ్రని పెదవులు కలిసిన అచ్చే గాక, ఏకార ఓకారముల నడుమ నిలుచు గుండ్రని అచ్చును గలదు. 1935-38 సంవత్సరములలో భారతదేశమున పరిశోధించిన ఎమెనో ఈ భాషను వ్రాసి రక్షించెను. 1993లో షాలెవ్, లడిఫోగెడ్, తెలుగువాడగు పేరి భాస్కరరావు కలిసి తోడా ధ్వనులను యంత్రసహాయమున కొలిచి, ఆ రెండవ అచ్చు కేంద్రస్థానమునకు చెందినదని వర్ణించిరి. మార్బర్గున టిల్లీ చెవి నుండి జోన్సు చెవికి, జోన్సు నుండి ఎబర్‌క్రాంబీకి, ఎబర్‌క్రాంబీ నుండి లడిఫోగెడ్‌కు వచ్చిన విద్య నీలగిరి తోడాల పల్లెలకు చేరుటకు శతాబ్దము పట్టినది. తెలుగు చెవి మాత్రమే గలవాడు ఆ మాటలను విన్నచో ఒకప్పుడు ఏకారమనియు, ఒకప్పుడు ఓకారమనియు వ్రాసికొని, ఒక వర్ణమును రెండుగా చీల్చి, రెంటిని ఒకటిగా కలిపి, ఆ భాషకు లేని వ్యాకరణమును కల్పించియుండును.

జోన్సు చివరి దినముల వరకు అంతర్జాతీయ ధ్వనిశాస్త్ర పరిషత్తును సేవించెను. 1928 నుండి 1949 వరకు కార్యదర్శిగను, 1950 నుండి అధ్యక్షుడుగను ఉండెను. ఆరోగ్యము బలహీనము, స్వభావము సంకోచశీలము. బెర్నార్డ్ షా నాటకమున ఉచ్చారణను బట్టి మనుష్యుల ఊరు చెప్పు హిగ్గిన్సు పాత్రకు హెన్రీ స్వీటుతో పాటు జోన్సును కొంత మూలమని ఆయన జీవితచరిత్రకారులు వాదించిరి. ఆ పాత్రకు గల దర్పము మాత్రము జోన్సునకు లేదు. 1967 డిసెంబరు 4వ తేదీన గెరార్డ్సు క్రాసులో మరణించెను. ఆంగ్ల ఉచ్చారణ నిఘంటువు ఆయన అనంతరము పలువురు సంపాదకుల చేతులలో పునఃసంస్కృతమగుచు వచ్చినది.

నేడు యంత్రములు సులభములైనవి. ఏ విద్యార్థియైనను చేతనున్న దూరవాణితో ధ్వనిని ముద్రించి, అనునాదములను గణకయంత్రమున కొలువగలడు. అందుచేత చెవికి శిక్షణ అనవసరమని తలచువారు కలరు. కాని ఏ మాటను ముద్రింపవలెనో, ఏ రెండు మాటల నడుమ భేదము వెదకవలెనో మొదట చెప్పునది చెవియే. చెవి వినని భేదమును యంత్రమునకు అందించువారెవరు? మన విశ్వవిద్యాలయములలో అనేక భాషల విద్యార్థులు ఒకే తరగతిలో కూర్చుందురు. మలయాళ విద్యార్థి మాటతుది అచ్చును పలుకగా తెలుగు విద్యార్థి దానిని ఉకారముగా వ్రాసికొనుట నేను తరచుగా చూచుచుందును. ఆ వ్రాతను దిద్దుటకు పుస్తకము చాలదు. పలికి చూపించు నోరు కావలెను. పెద్ద భాషలకు ఈ అశ్రద్ధ వలన కలుగు హాని స్వల్పము. వానికి వ్యాకరణములు, నిఘంటువులు, కోట్ల వక్తలు గలరు. కొండలపై, అడవులలో కొద్దిమంది పలుకు భాషలకు మొదటి వ్రాతయే తుదివ్రాత కావచ్చును. అట్టి భాషలకు పోవు శోధకులకు ప్రమాణాచ్చులను నోటితో పలికించి, చెవితో గుర్తింపజేసి పంపుట మన శాఖల విధి. పదునెనిమిదవ అచ్చు మన భాషలో లేదు గనుక మనకు పనికిరాదనుట ఆ విధిని విస్మరించుటయే యగును.